చీర వెనక్కి వెళితే ఖర్చు ఎవరిది?

పోచంపల్లి చీర ఒక్కదానికి ఆసు పోయాలంటే, అంటే నేతకు ముందు దారాన్ని మేకుల చుట్టూ తిప్పాలంటే, చేయి సుమారు 9,000 సార్లు అటూ ఇటూ ఆడాలి. ఆ పనితో తల్లి పడుతున్న భుజం నొప్పి చూడలేక ఆలేరు దగ్గరి శారాజీపేట వాసి చింతకింది మల్లేశం ఆసు యంత్రాన్ని తయారు చేశారు. అది 1999లో పూర్తయింది. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. యంత్రం వచ్చాక భుజాలకు కాస్త ఊరట దొరికింది గానీ, లెక్క తప్పకుండా దారానికి రబ్బరు పట్టీలు చుట్టడం, రంగులో ముంచడం, విప్పడం, మళ్లీ చుట్టడం, పడుగూ పేకా పువ్వు దగ్గర కలిసేలా నేయడం ఇప్పటికీ చేతిపనే. వారాల తరబడి సాగే ఆ పని ఫలితం ఆన్‌లైన్ మార్కెట్‌లో ఒక్క నిమిషంలో ఆర్డరవుతుంది. నచ్చకపోతే అంతకన్నా తొందరగా ‘రిటర్న్’ మీట నొక్కేయవచ్చు.

ఆ తిరుగు ప్రయాణానికి ఎవరో ఒకరు డబ్బు కట్టాలి. ‘ఫ్రీ రిటర్న్’ అని రాసి ఉన్నచోట కూడా కొరియర్ ఖర్చు మాయం కాదు. కొన్నవాళ్ల మీదో, అమ్మినవాళ్ల మీదో, మధ్యలో ఉన్న కంపెనీ మీదో పడుతుంది. చివరికి అందరూ కొనే ధరలో కలిసిపోతుంది. ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో ఈ లెక్కకు రెండు వైపులా మనుషులు ఉన్నారు. ఫోన్లు, మిక్సీలు, చెప్పులు తెప్పించుకునేవారు ప్రతి ఊళ్లో ఉన్నారు. పోచంపల్లి, పుట్టపాక, గద్వాల, నారాయణపేటల్లో నేసిన చీరలను ఆన్‌లైన్‌లో అమ్ముకునేవారూ ఇక్కడే ఉన్నారు. అందుకే ఈ అధ్యాయం ఇద్దరి కోసమూ.

కారణాన్ని బట్టే ఖర్చు

రిటర్న్ విషయంలో అన్నిటికన్నా ముందు తేల్చుకోవాల్సింది ఒక్కటే: తప్పు సరుకుదా, మనసు మారిందా? చట్టం ఈ రెండింటినీ ఒకే గాటన కట్టదు.

వినియోగదారుల రక్షణ చట్టం 2019 కింద కేంద్రం 2020 జులై 23న ఈ-కామర్స్ నియమాలను ప్రకటించింది. సరుకులో లోపం ఉన్నా, అది నకిలీ అయినా, ప్రకటనలో చెప్పిన లక్షణాలు లేకపోయినా, చెప్పిన గడువు దాటి చేరినా అమ్మకందారు దాన్ని వెనక్కి తీసుకోనని గానీ, డబ్బు ఇవ్వనని గానీ అనకూడదని ఆ నియమాలు చెబుతున్నాయి. వరదల వంటి చేయి దాటిన కారణాల వల్ల జరిగిన ఆలస్యానికి మాత్రం మినహాయింపు ఉంది. తప్పు సరుకు పంపి, తిరిగి తీసుకునేటప్పుడు రిటర్న్ ఫీజు కోసుకుని మిగతాది చేతిలో పెడితే అది పూర్తి వాపసు కాదు. ఆ కోతను ప్రశ్నించడానికి ఈ నియమమే ఆధారం.

మనసు మారితే కథ వేరు. రంగు బాగానే ఉంది, చెప్పిన కొలతే వచ్చింది, ఇంట్లోవాళ్లకు నచ్చలేదు అంతే. ఇలాంటప్పుడు వెనక్కి ఇచ్చే హక్కు భారత చట్టంలో విడిగా లేదు. ఐరోపా సంఘంలో 2014 జూన్ నుంచి అమల్లో ఉన్న నిబంధన ప్రకారం ఆన్‌లైన్‌లో కొన్న చాలా వస్తువులను 14 రోజుల్లో కారణం చెప్పకుండానే వదులుకోవచ్చు. అయితే అక్కడ కూడా అమ్మేవారు ముందే చెబితే తిరిగి పంపే ఖర్చును కొన్నవారే భరించాలి. బ్రిటన్‌లో బట్టల కంపెనీ జారా 2022లో ఆన్‌లైన్ రిటర్న్‌లకు 1.95 పౌండ్ల ఫీజు పెట్టింది. మన దగ్గర ‘నచ్చలేదు’ అనే రిటర్న్ పూర్తిగా కంపెనీ పెట్టుకున్న షరతు మీద ఆధారపడుతుంది. ఆ షరతు వస్తువును బట్టి, అమ్మకందారును బట్టి మారుతుంది. మీషో ఒకే వస్తువుకు రెండు ధరలు చూపించడం చాలామంది గమనించే ఉంటారు. తక్కువ ధర ఎంచుకుంటే తప్పు సరుకో, పాడైన సరుకో వస్తేనే వాపసు. ‘నచ్చలేదు’ అంటే కుదరదు. ఆ తేడా డబ్బు నిజానికి తిరిగి ఇచ్చే వెసులుబాటుకు కట్టే వెల. పెళ్లికి చీరలు ఎంచేటప్పుడు ఆ వెల కట్టడం మేలు. రోజూ వాడే స్టీలు డబ్బాకు అక్కర్లేదు.

ఇక్కడే చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. రిటర్న్ కోరేటప్పుడు తెర మీద కారణాల వరుస వస్తుంది. తొందరలో మొదట కనబడ్డదాన్ని నొక్కేస్తారు. బొమ్మలో పట్టు అని చూపి పాలిస్టర్ పంపినా ‘ఇక అవసరం లేదు’ అని నొక్కితే, తప్పును తమ మీద వేసుకున్నట్టే. తర్వాత ఫిర్యాదు చేస్తే ఆ ఎంపికే ఎదురుసాక్ష్యం అవుతుంది. ఇది రెండో వైపు నుంచీ వర్తిస్తుంది. నచ్చని చీరకు, ఫీజు తప్పించుకోవడం కోసం ‘పాడైంది’ అని నొక్కితే ఆ భారం ఎక్కడో మగ్గం దగ్గర కూర్చున్న మనిషి ఖాతాలోంచి పోతుంది. ఇది చిన్న అబద్ధంగా కనబడుతుంది గానీ దాని ధర చిన్నది కాదు. ఆ లెక్క కింద వస్తుంది.

వస్తువు ధర తిరిగొచ్చినా, ముందు కట్టిన మిగతా ఛార్జీలు అన్నిసార్లూ తిరిగి రావు. డెలివరీ ఛార్జీ, ప్లాట్‌ఫామ్ ఫీజు, క్యాష్ ఆన్ డెలివరీ ఫీజు వంటివి వాపసులో ఉంటాయో లేదో చెల్లింపు పేజీలోనే చూసుకోవాలి. చివరి మెట్టులో ఒక్కో ఫీజూ కలుపుతూ పోవడాన్ని, అడగని వస్తువును బుట్టలో వేయడాన్ని కేంద్ర వినియోగదారుల పరిరక్షణ సంస్థ 2023 నవంబరు 30న ప్రకటించిన 13 మోసపు పద్ధతుల్లో చేర్చింది. ముందే టిక్ పెట్టి ఉంచిన గడులతో ఒప్పుకోలు తీసుకోవడాన్ని 2020 నియమాలే నిషేధించాయి. క్యాష్ ఆన్ డెలివరీకి అదనంగా వసూలు చేయడంపై విచారణ జరుపుతున్నట్టు 2025 అక్టోబరులో కేంద్ర మంత్రి ప్రహ్లాద్ జోషీ ప్రకటించారు. ఆర్డరు రద్దు చేసుకుంటే ఛార్జీ వేసే విషయంలోనూ ఒక హద్దు ఉంది: తాము రద్దు చేసినప్పుడు కొన్నవారికి అలాంటి ఛార్జీ చెల్లించని కంపెనీ, కొన్నవారి దగ్గర వసూలు చేయకూడదు.

అమ్మేది ఎవరు?

పెద్ద కంపెనీ పేరు చూసి కొంటారు. వస్తువు పంపేది మాత్రం వేరే ఎవరో. గొడవ వచ్చినప్పుడు ‘మేం మధ్యవర్తులమే’ అనే మాట వినబడుతుంది. ఆ మాటకు హద్దులున్నాయని 2022 ఆగస్టులో తేలింది. బీఐఎస్ ప్రమాణాలు లేని ప్రెషర్ కుక్కర్లను అమ్మనిచ్చినందుకు అమెజాన్‌కు, ఫ్లిప్‌కార్ట్‌కు చెరో లక్ష రూపాయల జరిమానా పడింది. అమెజాన్ వేదిక మీద అలాంటివి 2,265, ఫ్లిప్‌కార్ట్ మీద 598 అమ్ముడయ్యాయి. కొన్నవాళ్లందరికీ సమాచారమిచ్చి, కుక్కర్లు వెనక్కి తీసుకుని, డబ్బు తిరిగి ఇవ్వమని కేంద్ర వినియోగదారుల పరిరక్షణ సంస్థ ఆదేశించింది. వేదిక తన పేరుతో నమ్మకం అమ్ముకుంటున్నప్పుడు బాధ్యతలో వాటా కూడా తీసుకోవాల్సిందే.

అమ్మకందారు పేరు, చిరునామా, కస్టమర్ కేర్ నంబరు, రేటింగ్ వేదిక మీద కనబడేలా పెట్టాలని నియమం. వస్తువు పేజీలో అమ్మకందారు పేరు మీద నొక్కితే ఇవి బయటపడతాయి. చేనేత చీర కొనేటప్పుడు ఇది తప్పకుండా చూడాలి. ‘ఒరిజినల్ గద్వాల’ అని రాసి, చిరునామా చూస్తే ఎక్కడో వందల మైళ్ల దూరంలోని టోకు మార్కెట్ ఉంటే, ఆర్డరు పెట్టే ముందు ఒక ప్రశ్న అడగడం మంచిది. దూరంలో ఉన్నవారందరూ మోసగాళ్లని కాదు. అడిగినదానికి ఎలాంటి జవాబు వస్తుందో చూడటం కోసం.

చిరునామా కన్నా ముఖ్యమైనవి ప్రకటనలోని మాటలు. పోచంపల్లి ఇక్కత్‌కు 2004-05లోనే భౌగోళిక గుర్తింపు దక్కింది. ఆ నమూనాలను మిల్లుల్లో అచ్చు గుద్ది, పవర్‌లూమ్‌ల మీద నేసి చవగ్గా అమ్మడం వల్లే ఆ రక్షణ అవసరమైంది. పుట్టపాక తేలియా రుమాలుకు 2020లో గుర్తింపు వచ్చింది. గద్వాల, నారాయణపేట చీరలకు కూడా ఉంది. అయినా వెతికితే ‘పోచంపల్లి ప్రింట్’, ‘ఇక్కత్ స్టైల్’, ‘గద్వాల డిజైన్’ అనే పేర్లతో వందల చీరలు కనబడతాయి. ‘ప్రింట్’ అని రాసి ప్రింటే పంపితే, రాసినదే పంపామని అమ్మకందారు వాదిస్తాడు. ‘పోచంపల్లి చేనేత ఇక్కత్’ అని రాసి అచ్చు చీర పంపితే మాత్రం అది ప్రకటనకు విరుద్ధం, నకిలీ కూడా. అప్పుడు వెనక్కి పంపే ఖర్చు కొన్నవారిది కానక్కర్లేదు. అందుకే ఆర్డరు పెట్టిన రోజే వస్తువు పేజీని, వివరాలతో, రిటర్న్ షరతుతో సహా స్క్రీన్‌షాట్ తీసి దాచుకోవాలి. ఫిర్యాదు వెళ్లాక ఆ పేజీలోని మాటలు మారిపోవచ్చు.

చీర చేతికొచ్చాక తేడా కనిపెట్టడం మరీ కష్టం కాదు. ఇక్కత్‌లో దారానికే ముందు రంగు వేసి తర్వాత నేస్తారు కాబట్టి పువ్వు రెండు వైపులా ఒకేలా కనబడుతుంది, అంచులు కొద్దిగా చెదిరినట్టు ఉంటాయి. అచ్చు గుద్దినదాంట్లో గీతలు కోసినట్టుంటాయి, వెనక వైపు రంగు పలచబడుతుంది. సంప్రదాయ గద్వాల చీరలో ఒడలు నూలు, అంచూ కొంగూ పట్టు. రెండూ కలిసేచోట దారం దారం మెలిపెట్టి నేస్తారు. వెనక తిప్పి ఆ అతుకు చూడాలి. మగ్గం మీద బట్ట వెడల్పు తగ్గకుండా పట్టి ఉంచే కర్ర మొనల గుర్తులు, చీర రెండు అంచుల వెంబడి సన్నని రంధ్రాలుగా చాలాసార్లు కనబడతాయి. 2006లో మొదలైన హ్యాండ్లూమ్ మార్క్, 2004లో వచ్చిన సిల్క్ మార్క్ లేబుళ్లు అదనపు ధీమా.

పెట్టె విప్పేటప్పుడు

పార్సిల్ మీది చీటీ కనబడేలా మొదలుపెట్టి, కత్తిరించి, లోపలిది బయటికి తీసేదాకా ఆపకుండా ఫోన్‌లో వీడియో తీయాలి. మధ్యలో ఆపి మళ్లీ తీస్తే దానికి విలువ తగ్గుతుంది. ఫోన్లు, టీవీల వంటి ఖరీదైన వాటికి ‘ఓపెన్ బాక్స్ డెలివరీ’ ఉంటే డెలివరీ మనిషి ఎదుటే చూసుకుని, సరిపోయాకే ఓటీపీ చెప్పాలి. ఓటీపీ చెప్పేశాక ‘పెట్టెలో సబ్బు వచ్చింది’ అని నిరూపించడం చాలా కష్టం.

చీరల విషయంలో మన ఇళ్ల అలవాట్లే రిటర్న్‌కు అడ్డం పడతాయి. కొత్త బట్ట రాగానే మూలకు పసుపు పెట్టేస్తారు. పండగ దగ్గరపడితే వచ్చిన రోజే ఫాల్ కుట్టించి, జాకెట్ ముక్క కత్తిరించేస్తారు. ఆ తర్వాత వెనక వైపు దారాలు తేలినట్టో, రంగు వేరేలా ఉన్నట్టో గమనిస్తే, వాడిన చీర అని తిప్పి పంపే అవకాశం అమ్మినవాళ్లకు దొరుకుతుంది. పసుపు పెట్టే ముందే పగటి వెలుగులో చీర మొత్తం విప్పి, కొంగు నుంచి చివరిదాకా చూడాలి. ట్యాగ్ తెంచకూడదు. వెనక్కి ఇచ్చేటప్పుడు కూడా వీడియో తీసి, తీసుకెళ్లడానికి వచ్చిన మనిషి నుంచి రసీదో, ఫోన్‌కు సందేశమో వచ్చాకే చేతికివ్వాలి.

డబ్బు రాకపోయినా, రిటర్న్ తిరస్కరించినా ఫోన్‌లో వాదించి ఊరుకోకూడదు. ప్రతి ఫిర్యాదుకూ టికెట్ నంబరు ఇవ్వాలని నియమం. అది అడిగి రాసుకోవాలి. తర్వాత కంపెనీ గ్రీవెన్స్ అధికారికి రాయాలి. ఆయన 48 గంటల్లో అందిందని చెప్పాలి, నెల రోజుల్లో పరిష్కరించాలి. అక్కడా తేలకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. తెలుగులో మాట్లాడవచ్చు. కోర్టు దాకా వెళ్లకుండా ఇక్కడే తేలే గొడవలు చాలా ఉంటాయి.

చివరి మెట్టు జిల్లా వినియోగదారుల కమిషన్. నల్లగొండలో ఒకటి, మహబూబ్‌నగర్‌లో ఒకటి ఉన్నాయి. అమెజాన్, ఫ్లిప్‌కార్ట్, మీషోల భారత ప్రధాన కార్యాలయాలు బెంగళూరులో ఉన్నాయి కాబట్టి అక్కడికే వెళ్లాలేమోనని చాలామంది వెనకాడతారు. అవసరం లేదు. 2019 చట్టం ప్రకారం కొన్న మనిషి ఉండే చోటో, పని చేసే చోటో ఫిర్యాదు వేయవచ్చు. చెల్లించిన మొత్తం 5 లక్షల రూపాయల లోపైతే ఫీజు లేదు. వకీలు తప్పనిసరి కాదు. సమస్య మొదలైన నాటి నుంచి రెండేళ్ల గడువు. 2025 జనవరి 1న మొదలైన ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే దాఖలు చేయవచ్చు. దేవరకొండ నుంచో, అచ్చంపేట నుంచో ఒక రోజు కూలి పోగొట్టుకుని బస్సెక్కాల్సిన పని ఆ మేరకు తగ్గింది.

ఒక జాగ్రత్త మాత్రం గట్టిగా చెప్పాలి. కస్టమర్ కేర్ నంబరును ఇంటర్నెట్‌లో వెతికి ఫోన్ చేయకూడదు. అలా దొరికే నంబర్లలో మోసగాళ్లవి చాలా ఉంటాయి. యాప్ లోపలి సహాయం పేజీ నుంచే మాట్లాడాలి. వాపసు డబ్బు రావడానికి యూపీఐ పిన్ కొట్టాల్సిన అవసరం ఎప్పుడూ రాదు. క్యూఆర్ కోడ్ స్కాన్ చేయమన్నా, ఏదో యాప్ దింపుకోమన్నా ఫోన్ పెట్టేయాలి. డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్ చేయాలి. ఎంత తొందరగా చేస్తే ఆ డబ్బును బ్యాంకులు మధ్యలో ఆపే అవకాశం అంత ఎక్కువ.

మగ్గం వైపు నుంచి లెక్క

ఇప్పుడు రెండో వైపు. ఆన్‌లైన్‌లో అమ్మే నేతకుటుంబానికి అందే డబ్బు, చీర ధర ఒకటి కాదు. కమిషన్, ఆర్డరుకు వేసే స్థిర ఫీజు, కొరియర్ ఛార్జీ, వాటి మీద జీఎస్టీ, కొన్నిచోట్ల ప్రకటన ఖర్చు పోతాయి. మీషో 2021 నుంచి కమిషన్ తీసుకోవడం లేదంటున్నా, కొన్న మనిషి చీర తిప్పి పంపితే అక్కడ కూడా తిరుగు రవాణా ఛార్జీ అమ్మినవారి లెక్కలోకి వస్తుంది. తలుపు దగ్గరే తీసుకోకుండా తిప్పి పంపిన పార్సిల్‌ను అమ్మకందారులు ‘ఆర్టీఓ’ అంటారు. తీసుకుని తర్వాత వెనక్కి పంపినది ‘కస్టమర్ రిటర్న్’. రెండింటి ఛార్జీలు వేరు. ప్రతి వేదిక ఫీజుల పట్టికలో ఈ రెండు వరుసలను విడివిడిగా చూసుకోవాలి.

ఒక ఊహా లెక్క వేసి చూద్దాం. అన్ని ఫీజులూ పోగా ఒక్కో చీరకు 400 రూపాయలు మిగులుతుందనుకుందాం. పది చీరలు పంపితే మూడు వెనక్కి వచ్చాయి. ఒక్కో రిటర్న్‌కు 250 ఖర్చు. ఏడు చీరల మీద వచ్చిన 2,800లో 750 పోయి 2,050 మిగిలాయి. ఇంతవరకు నష్టం లేదు. కానీ ఆ మూడింటిలో ఒకటి ఎవరో ఫంక్షన్‌కు కట్టుకుని, చెమట మరకతో పంపారు. దాని తయారీకే 3,000 అయి ఉంటే, మొత్తం లెక్క 950 రూపాయల నష్టంలోకి దిగుతుంది. పది చీరల శ్రమకు చేతి నుంచే కట్టాల్సి వచ్చింది. ‘ఒక్క చీరే కదా’ అనుకునే కొనుగోలుదారు చూడని లెక్క ఇది. కట్టుకుని తిప్పి పంపడం దొంగతనానికి ఏమాత్రం తక్కువ కాదు.

నష్టాన్ని తగ్గించే పని ఫొటోల దగ్గరే మొదలవుతుంది. చీరలు వెనక్కి రావడానికి రంగు తేడా ఒక పెద్ద కారణం. కిటికీ పక్కన పగటి వెలుగులో, ఫిల్టర్ లేకుండా తీసిన ఫొటో స్టూడియో ఫొటోకన్నా తక్కువ మెరుస్తుంది గానీ ఎక్కువ నిలుస్తుంది. కొంగు, అంచు, ఒడలు, వెనక వైపు, పూర్తిగా విప్పిన చీర, అన్నీ ఉండాలి. కాటనా, పట్టూ నూలూ కలిసిన సికోనా, పూర్తి పట్టా అన్నది మొదటి వరుసలోనే రాయాలి. జరీ ఏ రకమో, జాకెట్ ముక్క ఉందో లేదో, పొడవు ఎన్ని మీటర్లో, బరువు ఎన్ని గ్రాములో చెప్పాలి. ఇక్కత్‌లో పువ్వు అంచు చెదిరినట్టు ఉండటం ఆ పని స్వభావమని ముందే రాస్తే, దాన్ని లోపమని తిప్పి పంపేవారు తగ్గుతారు. అలాగని నిజంగా పోగు తెగిన చోటును ‘చేనేత సహజం’ అని దాటేయకూడదు.

కట్టే పద్ధతిలోనూ డబ్బుంది. కొరియర్లు అసలు బరువునే కాకుండా పెట్టె పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి సాధారణంగా 5,000తో భాగించి వచ్చిన బరువునూ చూస్తాయి. రెండింటిలో ఎక్కువదానికి ఛార్జీ. పెద్ద పెట్టెలో వదులుగా పెట్టిన చీర గాలికి కూడా ఛార్జీ కడుతుంది. చీర మడతకు సరిపోయే పలచని పెట్టె చాలు.

పంపేటప్పుడు ఒక వీడియో, వెనక్కి వచ్చిన పార్సిల్ విప్పేటప్పుడు మరో వీడియో తప్పనిసరి. కొత్త చీర పంపితే పాతది తిరిగొచ్చే మోసానికి ఇవే సాక్ష్యం. అమెజాన్‌లో ‘సేఫ్-టీ క్లెయిమ్’, ఫ్లిప్‌కార్ట్‌లో ‘ఎస్పీఎఫ్’ అనే పేర్లతో అమ్మకందారులు నష్టపరిహారం కోరవచ్చు. వాటికి గడువు రోజుల్లోనే ఉంటుంది. వచ్చిన పార్సిళ్లను మూలన పోసి, వారాంతంలో ఒకేసారి విప్పే అలవాటు ఆ హక్కును పోగొడుతుంది.

పన్ను కోతలు కూడా రిటర్న్‌లతో ముడిపడి ఉంటాయి. వేదికలు అమ్మకాల మీద జీఎస్టీలో టీసీఎస్ కింద పట్టుకునేది 2024 జులై 10 నుంచి ఒక శాతం నుంచి అర శాతానికి తగ్గింది. అది వెనక్కి వచ్చిన సరుకు విలువ తీసేసిన నికర మొత్తం మీదే. కాబట్టి నెలవారీ లెక్కలో రిటర్న్‌లు తగ్గించారో లేదో సరిచూసుకోవాలి. ఆదాయపు పన్ను కింద పట్టుకునే టీడీఎస్ 2024 అక్టోబరు నుంచి 0.1 శాతం. ఏడాదికి 5 లక్షల లోపు అమ్మే వ్యక్తులు పాన్ గానీ ఆధార్ గానీ ఇస్తే ఆ కోత లేదు. జీఎస్టీ పరిమితి లోపు అమ్మే చిన్నవారు 2023 అక్టోబరు 1 నుంచి జీఎస్టీ రిజిస్ట్రేషన్ లేకుండా, ఒక నమోదు సంఖ్యతో, రాష్ట్రం లోపల ఈ వేదికల ద్వారా అమ్ముకోవచ్చు. రాష్ట్రం దాటి పంపాలనుకుంటే వేరే నిబంధనలు చూసుకోవాలి.

ఈ ఖర్చులు చూసి చాలామంది నేతకారులు వాట్సాప్, ఇన్‌స్టాగ్రామ్ దారి పట్టారు. వీడియో కాల్‌లో చీర విప్పి చూపిస్తారు, యూపీఐలో డబ్బు తీసుకుంటారు. మధ్యవర్తి ఫీజు ఉండదు, కొన్నవారికి నేసినవారే కనబడతారు. అయితే గొడవ వస్తే మధ్యలో తేల్చే వేదికా ఉండదు. అందుకని డబ్బు పంపే ముందే వాపసు షరతును చాటింగ్‌లో రాతపూర్వకంగా అడిగి తీసుకోవాలి. బిల్లు అడగాలి. బిల్లు మీద గడువేదీ లేకపోతే లోపమున్న సరుకుకు 30 రోజుల్లో డబ్బు తిరిగివ్వకపోవడం అనుచిత వ్యాపార పద్ధతి అని 2019 చట్టం చెబుతోంది.

అమెరికాలోని తెలుగువాళ్లకు ఈ దారి మరింత అలవాటు. వాళ్ల విషయంలో మాత్రం రిటర్న్ అనే ఆలోచననే పక్కన పెట్టాలి. 800 డాలర్ల లోపు పార్సిళ్లకు ఉన్న సుంకం మినహాయింపును అమెరికా 2025 ఆగస్టు 29న ఎత్తేసింది. ఆ గందరగోళంలో భారత తపాలా శాఖ కొన్ని వారాలు అక్కడికి పార్సిళ్లు తీసుకోవడమే ఆపి, అక్టోబరులో మళ్లీ మొదలుపెట్టింది. ఇప్పుడు సుంకం కట్టి తెప్పించుకున్న చీరను తిరిగి పంపితే రెండు వైపులా రవాణా, కట్టిన సుంకం కలిసి చీర ధరను దాటిపోవచ్చు. కాబట్టి డబ్బు పంపే ముందే వీడియో కాల్‌లో వెనక వైపు, అతుకు, కొంగు అన్నీ పగటి వెలుగులో చూపించమని అడగాలి. సుంకం ఎవరు కడతారో రాయించుకోవాలి. లోపం తేలితే చీర తిరిగి పంపకుండానే ఎంత తగ్గిస్తారో కూడా అప్పుడే మాట్లాడుకోవాలి.